శుక్రవారం మైళ్లు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. నేను కాస్త నిదానస్థుణ్ణయి ఉంటే ఈ సంగతి ఆరు నెలల ముందే నాకు అర్థమై ఉండేది. కోపిష్టివాడికి ఎదుటివాడి తప్పు కనిపించినంత తొందరగా తన తప్పు కనిపించదు.

మేము ముగ్గురం. డ్రిల్లు మేష్టరుగా చేసి రిటైరైన ఒకాయన, తిరుపతి బజారులో బట్టల అంగడి పెట్టుకున్న ఒకాయన, నేను. ముగ్గురికీ అరవై దాటింది. ముగ్గురివీ నల్ల సైకిళ్లే. పొద్దున ఆరుకల్లా అంగడి ముందర కలిసి, ఒకరోజు తిరుచానూరు, ఒకరోజు చంద్రగిరి, ఓపిక ఉంటే రేణిగుంట దాకా తొక్కి, ఎండ ముదిరేలోగా ఇళ్లు చేరేవాళ్లం. అంగడాయనకు చక్కెర జబ్బు. డాక్టరు రోజూ నడవమంటే, చెప్పులు అరుగుతాయని సైకిలు పట్టాడని మేష్టరు ఎగతాళి చేసేవాడు. ఆ మాటకు అంగడాయన నవ్వేవాడు గానీ, చెప్పులు మాత్రం నిజంగానే పదేళ్లవి.

ఒకసారి మేష్టరు స్వర్ణముఖి ఇసుకలో ఒంటరిగా పడి, కాలు మెలికపడి, గంటసేపు లేవలేక అక్కడే ఉండిపోయాడు. అప్పటినుంచి మాకొక కట్టుబాటు ఏర్పడింది. ఎవరూ ఒంటరిగా ఊరు దాటకూడదు. పోతే ముగ్గురం పోవాలి, లేకపోతే ఇంట్లో కూర్చోవాలి.

అంగడాయన సరుకు కోసం మద్రాసు పోయినప్పుడు మూర్ మార్కెట్‌లో మూడు మైళ్ల మీటర్లు తెచ్చాడు. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. ముందు చక్రం ఇరుసు దగ్గర బిగించాలి. చక్రం ఒకసారి తిరిగితే ఊచకు కట్టిన చిన్న పుల్ల మీటరును తాకి టిక్కుమంటుంది, అంకెలు కదులుతాయి. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది మాకు. రోడ్డు చూడడం మాని మీటరు చూసుకుంటూ తొక్కేవాళ్లం. ఏ రోజు ఎక్కడికి పోయామో, ఎన్ని మైళ్లో మేష్టరు ఒక నోటుపుస్తకంలో రాసేవాడు. ఆయుధపూజ రోజున సైకిళ్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, సాంబ్రాణి వేసి, బొరుగులు తింటూ మీటర్లు చదివేవాళ్లం. ఆ ఏడాది సైకిలు ఏం చేసిందో, ఎక్కడ పడేసిందో, ఎవరు ఎవరికోసం ఆగారో ఒక్కొక్కరు చెప్పాలి. తర్వాత పుస్తకంలో మైళ్లూ మీటరులో మైళ్లూ సరిపోయాయా అని చూడాలి. ఊళ్లో పాలకూ కూరగాయలకూ తిరిగినవి ఇన్ని అని తీసేస్తే, ఎప్పుడూ సరిపోయేవి.

ఆ సంవత్సరం ఉగాదికి నేను ఊరికే చూసుకుంటే నా మీటరు పుస్తకం కంటే చాలా ముందు పోయి ఉంది. మేష్టరుతో జగడం పెట్టుకున్నాను. జీవితమంతా పిల్లకాయల చేత ఒకటి రెండు మూడు అనిపించినవాడికి నాలుగు తర్వాత లెక్క రాదని కూడా అన్నాను.

“రాసుకునేది మరిచినట్టుండాను లేప్పా” అన్నాడాయన.

మేష్టరు తన తప్పు ఒప్పుకోవడం నేను వినడం అదే మొదటిసారి. అప్పుడే అనుమానపడాల్సింది. నేను గెలిచానని సంతోషపడ్డాను.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మా ఇంటావిడ అన్నం తిని, బస్సెక్కి తిరుచానూరు అమ్మవారి గుడికి పోయేది. దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చేది. నేను వసారాలో చాప వేసుకుని పడుకునేవాణ్ణి. నిద్ర లేచేసరికి గొంతు ఎండిపోయి ఉండేది. పిక్కలు పీకేవి. ఎండాకాలం కదా, వయసు కదా అని సరిపెట్టుకున్నాను. ఒక శుక్రవారం లేచి సైకిలు పక్కకు జరపబోయి సీటు మీద చెయ్యి వేశాను. కాలింది. సైకిలు ఉన్నది వసారా నీడలో. గోడకు ఎండ తగిలే వేళ కూడా కాదు. వెనక టైరుకు రెండు పల్లేరుకాయలు పచ్చివి గుచ్చుకుని ఉన్నాయి. మా వీధిలో పల్లేరు లేదు.

ఎవడో తీసుకుపోయి తొక్కి మళ్లీ పెట్టిపోతున్నాడని పక్కింటివాళ్ల మీద అరిచాను. వాళ్లు నన్ను ఒకలాగా చూశారు. పక్కింటామె ఏదో చెప్పబోతే ఆమె మొగుడు చెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు.

తర్వాత కల మొదలయింది. కల అనే అనుకున్నాను. నేను తొక్కుతూ ఉంటాను, రెండు వైపులా చింతచెట్లు, రోడ్డు మీద ఎవరూ లేరు. నా మీటరు టిక్కుమంటూ ఉంటుంది. దానివెనక ఇంకొక టిక్కు, కొంచెం ఆలస్యంగా మరొకటి. నేను ఆపితే అవీ ఆగుతాయి. తిరిగి చూడాలని ఉండదు. చూడకూడదని ఎవరూ చెప్పలేదు, కానీ మెడ తిరగదు. ఆ చప్పుడుతోనే మెలకువ వచ్చేది. ఇంట్లో ఎవరూ ఉండరు. కాసేపు ఆ టిక్కులు చెవుల్లో ఉండి, తర్వాత పోయేవి.

నా ఉద్యోగం సంగతి ఇక్కడ చెప్పాలి. నేను మలేరియా శాఖలో పనిచేశాను. పదిహేను రోజులకొకసారి సైకిలు మీద నా పల్లెలన్నీ తిరిగి, గడపగడపకూ నిలబడి “ఎవరికైనా జ్వరమా?” అని అడగాలి. ఉందంటే వేలు గుచ్చి గాజుబిళ్ల మీద రక్తం తీసుకుని, మాత్రలు ఇవ్వాలి. లేదంటే గోడమీద అచ్చు వేసిన గళ్లలో నీలం పెన్సిలుతో తేదీ వేసి, పొడి అక్షరాల సంతకం పెట్టి ముందుకు పోవాలి. ఆ గళ్లు చూసే పైవాళ్లు నేను వచ్చానో లేదో తెలుసుకునేవాళ్లు. పల్లెల్లో నా పేరు ఎవరికీ తెలియదు. జొరమాయన అనేవాళ్లు.

చంద్రగిరి దాటాక ఎడమకు తిరిగితే నేను తిరిగిన పల్లె ఒకటి ఉంది. ఇరవై ఇళ్లు ఉంటాయేమో. ఆ ఏడాది అటు పోదామని నేను ఎప్పుడు అన్నా, ఆ దారి బాగాలేదనో, కుక్కలున్నాయనో మేష్టరు తప్పించేవాడు. వినాయక చవితి ముందు ఒకరోజు నాకు మొండి పట్టింది. మీరు రాకపోతే కట్టుబాటు గిట్టుబాటు లేదు, నేనొక్కణ్ణే పోతానని మలుపు తిప్పాను. వాళ్లిద్దరూ వెనక వచ్చారు.

మొదటి ఇంటి గోడ చూసి దిగిపోయాను. నా పాత గళ్లు అలాగే ఉన్నాయి, ఆ మట్టి గోడకు ఎవరూ సున్నం కొట్టలేదు. నేను రిటైరయ్యే ముందు వేసిన చివరి తేదీ కూడా ఉంది. దాని కింది గడిలో కొత్త తేదీ ఉంది. దాని కింద ఇంకొకటి. మొత్తం ఏడు. అన్నీ ఈ ఏడాదివే. నీలం పెన్సిలు. ఏడు అంకె నడుమ నేను వేసే అడ్డగీత. నా పొడి అక్షరాలు. నడుమ పోయిన మూడేళ్లు ఆ గోడకు తెలియనట్టే ఉంది. పక్కింటి గోడా అంతే. ఆ పక్కదీ అంతే.

నాకు ఒళ్లు మండిపోయింది. “నా తర్వాత వచ్చినోడు ఇంట్లో పండుకోని, నా సంతకం గీకి పోతాండాడు. జొరమడగకుండా తేదీ వేసేది మనిషి చేసే పనేనా?” అని అక్కడే నిలబడి కేకలు పెట్టాను. అంగడాయన చెప్పుల వైపు చూస్తున్నాడు. మేష్టరు తన సైకిలు గొలుసు సరిచేస్తున్నాడు. గొలుసు ఊడలేదు.

ఆఖరి ఇంటి దాకా మాత్రం నేను పోలేదు. దూరం నుంచే ఒక ముసలామె తలుపు దగ్గర నిలబడి నన్ను చూస్తోంది. సైకిలు తిప్పేశాను.

ఇంటికొచ్చి ఆ తేదీలు గుర్తున్నంతవరకు కాలెండరులో చూశాను. అన్నీ శుక్రవారాలు. అయినా నాకు బుద్ధి రాలేదు. మరునాడు పాత ఆఫీసుకు పోయి, నా సంతకం దొంగిలించిన మనిషి ఎవడో చెప్పమన్నాను. అక్కడి కుర్చీలో ఉన్న కుర్రాడు రిజిస్టరు తెరిచి చూశాడు.

“ఆ పల్లెకు మీ తర్వాత ఎవర్నీ వెయ్యలేదు సార్. మూడేళ్లుగా ఆడికి పొయ్యేవాళ్లే ల్యా” అన్నాడు.

నేరుగా ఇంటికి వచ్చేశాను. ఇంట్లో అటక మీద నా పాత సంచి ఉంది. రిటైరైన రోజున కట్టి పెట్టింది. దించి విప్పాను. నీలం పెన్సిలు సగానికి అరిగి ఉంది. సంచి అడుగున కొత్తగా చెక్కిన పెన్సిలు పొట్టు ఉంది. నా కుడిచేతి గోరు కింద చూసుకున్నాను. నీలం.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ పల్లెలో అన్ని కేకలు ఎందుకు పెట్టానో అప్పుడు ఒప్పుకోక తప్పలేదు. జ్వరం అడగకుండా తేదీ వేసినవాణ్ణి నేనే. ఇప్పుడు కాదు, రిటైరవడానికి రెండేళ్ల ముందు. వాన పట్టేటట్టుంది, ఆకలిగా ఉంది, తొందరగా ఇల్లు చేరాలనిపించింది. ఆఖరి ఇంటి దగ్గర సైకిలు దిగలేదు. ఒక కాలు నేలమీద ఆనించి, గోడమీద తేదీ గీకి, సంతకం పెట్టి పోయాను. ఆ రోజు ఆ ఇంట్లో ఏడేళ్ల ఆడపిల్ల చలిజ్వరంతో వణుకుతూ పడుకుని ఉంది. తర్వాతి విడతకు పోతే పిల్ల లేదు. గోడమీద నా తేదీ సరిగ్గా ఉంది కాబట్టి నన్నెవరూ అడగలేదు. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందని నేనూ ఎవరికీ చెప్పలేదు, మా ఇంట్లో ఆమెకు కూడా.

ఇప్పుడు నా మతి పోతోందా అన్న భయం పట్టుకుంది. పగలు నిద్రలో లేచి, తొమ్మిది మైళ్లు తొక్కి, ఇళ్లముందు నిలబడి, మళ్లీ వచ్చి పడుకునే మనిషి వేరే ఇంకేం చేస్తాడో ఎవరికి తెలుసు? కొడుక్కి తెలిస్తే సైకిలు అమ్మించేస్తాడు. ఆ ఇద్దరికీ తెలిస్తే జాలిపడతారు. వాళ్లు నామీద జాలిపడడం నేను తట్టుకోలేను. తిట్టుకునే స్నేహితులు దొరకడం ఎంత కష్టమో నాలాంటివాడికి బాగా తెలుసు. అందుకని దాచిపెట్టాను.

శుక్రవారం ఆమె గుడికి పోగానే సైకిలుకు తాళం వేసి, తాళంచెవి బియ్యం డబ్బాలో అడుగుకు తోసి పడుకున్నాను. లేచేసరికి తాళంచెవి నా చొక్కా జేబులో ఉంది. మోచేతి దాకా బియ్యపు తవుడు అంటుకుని ఉంది. చెయ్యి కడుక్కుంటూ, ఇది నా చెయ్యేనా అని చాలాసేపు చూసుకున్నాను.

ఆయుధపూజ వచ్చింది. అంగడి వెనక వరండాలో మూడు సైకిళ్లూ వరసగా నిలబెట్టి పూజ చేశాం. మీటరు చదివితే ఎక్కువ మైళ్లు బయటపడతాయి. కట్టుబాటు తప్పి ఒంటరిగా ఎక్కడికి పోయావని అడుగుతారు. మీటరు చెడిపోయిందని చెప్పాలనుకున్నాను. అబద్ధం తయారుగా పెట్టుకుని కూర్చున్నాను.

మేష్టరు కళ్లజోడు పెట్టుకుని నా చక్రం ముందు వంగాడు. పుస్తకంలో లెక్క కంటే రెండు వందల పదహారు మైళ్లు ఎక్కువ. నేను నోరు తెరవకముందే ఆయన అంగడాయన మీటరు చదివాడు. అదీ రెండు వందల పైనే ఎక్కువ. తన మీటరు కూడా చదివాడు. అంతే.

“నీవి పన్నెండు శుక్రవారాలు. మావీ అవే” అన్నాడు మేష్టరు.

అంగడాయన చెప్పడం మొదలుపెట్టాడు. ఒక శుక్రవారం రెండు గంటలప్పుడు నేను సంచి తగిలించుకుని ఆయన అంగడి ముందునుంచే పోయానట. పిలిస్తే పలకలేదట. గల్లాపెట్టె వదిలేసి వెనకే వచ్చాడట. దారిలోనే మేష్టరును కూడా పిలుచుకున్నాడట. శుక్రవారం మధ్యాహ్నం చీరలు అమ్ముడుపోయే వేళ అంగడి మూసేస్తున్నాడని, ముసలితనంలో సోమరితనం పట్టిందని ఆ ఏడాదంతా నేనే ఆయన్ని ఎగతాళి చేశాను.

“ఆపచ్చు గదా నన్ను” అన్నాను. కోపంగానే అన్నాను. ఇంకెలా అనాలో తెలియలేదు.

“చంద్రగిరికాడ ఒగసారి భుజం పట్టి ఆపితిమబ్బా” అన్నాడు అంగడాయన. “నువ్వు దిగి మాకు దండం పెట్టి, ఏ ఊరు సామీ మీది, మీ ఇంట్లో ఎవరికైనా జొరముండాదా అని అడిగితివి. కండ్లు తెరుచుకోనే ఉండాయి. ఆ చూపు సూడలేక మళ్లా ఎప్పుడూ ఆపలేదు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే నువ్వు సైకిలు ఇడిసిపెడతావు. ఇడిసిపెడితే ఇంట్లో కూసోని చస్తావు” అన్నాడు మేష్టరు. “పడకుండా పోయొస్తాండావు. ఒంటిగా పోవడంల్యా. సాలు గదా అనుకుంటిమి.”

నేను ఆ పల్లెలో ఏం చేస్తానని అడిగాను. ప్రతి ఇంటి ముందూ దిగి జ్వరం సంగతి అడుగుతానట. వాళ్లు నన్ను గుర్తుపట్టి, లేదని చెబుతారట. నా వరస చూసి వాళ్లకు ముందు భయమేసిందట, తర్వాత అలవాటు పడ్డారట. ఆఖరి ఇంటి దగ్గర మాత్రం చాలాసేపు నిలబడతానట. ముసలామె ఏదో చెబుతుందట. అది విన్న తర్వాతే సైకిలు తిప్పుతానట.

“ఏం చెబుతుంది?”

“మేం దూరంగా నిలబడుకోని ఉంటాం. ఇనపడదు” అన్నాడు మేష్టరు. “శానాళ్లుగా నాకూ అడగాలనుండాది. ఆమెను సూస్తే అడగబుద్ధి కాదు.”

అప్పుడు ఆ పిల్ల సంగతి వాళ్లకు చెప్పాను. మొత్తం చెప్పాను. అంగడాయన తల తిప్పుకుని సాంబ్రాణి పొగలోకి చూస్తూ కూర్చున్నాడు. మేష్టరు నోటుపుస్తకం మూసేశాడు. నన్ను ఎవరూ ఓదార్చలేదు. ఓదార్చి ఉంటే లేచి వెళ్లిపోయేవాణ్ణి.

పూజలో పెట్టిన సైకిళ్లు ఆ రోజు ముట్టుకోకూడదు. మరునాడు విజయదశమి పొద్దున హారతి ఇచ్చి తీశాం. ఆ రోజు శుక్రవారం కాదు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. చంద్రగిరి దాటి ఎడమకు తిరిగాం. చెనక్కాయ చేలల్లో మంచు ఇంకా ఆరలేదు. నా వెనక రెండు టిక్కులు వినిపిస్తున్నాయి. ఈసారి తిరిగి చూశాను. ఇద్దరూ తలలు వంచుకుని తొక్కుతున్నారు.

ఆఖరి ఇంటి ముందు దిగాను. చేతిలో సంచి లేదు, పెన్సిలు లేదు. ఏం చేసుకోవాలో చేతులకు తెలియలేదు. ముసలామె తలుపు తీసి నన్ను చూసింది. తేడా వెంటనే పట్టేసింది.

“ఈ పొద్దు మేలుకోని వచ్చినావా సామీ?” అంది.

“శుక్రవారం శుక్రవారం వచ్చి నిన్నేం అడుగుతాండానమ్మా?”

“పాపకు జొరమెట్లుండాదని అడుగుతావు.”

“నువ్వేం చెప్తావు?”

“నిద్రపోతా ఉండాది, లేపొద్దు అని చెప్తా. నువ్వు తలుపుసందులోనుంచి లోపలికి తొంగి సూసి, సద్దు కాకుండా సైకిలు తీసుకోని పోతావు.”

ఆమె వెనక గదిలో చీకటిగా ఉంది. చెప్పడానికే వచ్చాను కాబట్టి చెప్పాను. ఆ రోజు నేను సైకిలు దిగలేదని, అడగలేదని, ఊరికే గోడమీద తేదీ వేసి పోయానని చెప్పాను. ఇన్నేళ్లు నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్న మాట.

“తెలుసు సామీ” అంది ఆమె. “ఆ పొద్దు నేను ఈ తలుపుకాడనే నిలబడుకోని ఉంటిని. నువ్వు గోడమీద రాస్తాంటే సూస్తాంటిని. రాసినాక అడుగుతావని నిలబడుకుంటిని. పిలుద్దామని నోరు తెరిచేలోపల నీ సైకిలు మలుపు తిరిగిపాయె. పెద్ద సదువు సదివినోడు గదా, అడక్కుండా పోయినాడంటే మా పాపకు ఏమీ కాదులే అనుకుంటిని.”

నేను ఆ గడప ముందు నేలమీద కూర్చుని ఏడ్చాను. ఆమె నన్ను లెమ్మనలేదు.